పరిశోధనకు ప్రభుత్వ ధనము : సీసా నుండి రియాక్టరు వరకు

విశాఖపట్టణమునకు నైరుతి దిశను, సముద్రతీరమునకు చేరువలో పరవాడ అను ఊరు కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇక్కడి సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రములో ఒక్కొక్కటి 500 మెగావాట్ల శక్తిగల నాలుగు యంత్రములు కలవు. దాని సమీపముననే 2,000 ఎకరములకు మించిన నేలలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ వెలసినది. అందలి కర్మాగారములలో పెక్కు మూల ఔషధములను, అనగా మాత్రలోను ఇంజెక్షనులోను నిజముగా పనిచేసెడి అసలు పదార్థములను, తయారు చేయును. వాటిలో గణనీయమైన భాగము విదేశములకు ఎగుమతి యగును.

ఈ కర్మాగారములనుండి ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరములో వాల్తేరు కొండలమీద ఆంధ్ర విశ్వవిద్యాలయము కలదు. అక్కడ రసాయనశాస్త్రము, ఔషధశాస్త్రము, కెమికల్ ఇంజనీరింగు బోధింతురు, పరిశోధనలు జరుపుదురు. ఇక్కడ వేలాది లీటర్ల రియాక్టరులలో అవే రసాయనిక చర్యలు రేయింబవళ్ళు జరుగుచుండును. ఈ రెంటికిని నడుమనున్న దూరము కిలోమీటర్లతో కొలువదగినది కాదు. ఆ దూరమును తగ్గించుటకై ప్రభుత్వములు నూరేండ్లకు పైగా ధనము వెచ్చించుచున్నవి. ఆ ధనము ఎట్లు పుట్టినదో, ఏ దారిని నడచినదో, ఎక్కడ ఫలించినదో, ఎక్కడ ఇంకిపోయినదో తెలిసికొనుట ప్రయోజనకరము.

సీసాకును రియాక్టరుకును నడుమ

పరిశ్రమకు కళాశాల ఏల కావలెను? కళాశాలకు పరిశ్రమ ఏల కావలెను? దీనికి సమాధానము ఒక చిన్న లెక్కలో నున్నది.

ప్రయోగశాలలో ఒక లీటరు గాజుకుప్పెలో ఒక చర్య జరుగుచున్నదనుకొందము. దానిలో వేడి పుట్టును. ఆ వేడి కుప్పె గోడలగుండా బయటి చల్లని నీటిలోనికి పోవును. ఇప్పుడు అదే ఆకారముగల 1,000 లీటర్ల పాత్రను తీసికొందము. దాని పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెరిగినవి. గోడల వైశాల్యము 100 రెట్లు పెరిగినది. కాని లోపలి ద్రవము 1,000 రెట్లు పెరిగినది; పుట్టెడి వేడియు అన్ని రెట్లే. అనగా ఒక్కొక్క లీటరు ద్రవమునకు వేడిని బయటికి పంపు గోడ పదియవ వంతునకు పడిపోయినది. కుప్పెలో చల్లగా సాగిన చర్య రియాక్టరులో అదుపు తప్పవచ్చును.

కావున కుప్పెలో కనిపెట్టిన పద్ధతి నేరుగా కర్మాగారమునకు పోజాలదు. నడుమ 20 లీటర్లు, 200 లీటర్లు అని మెట్టుమెట్టుగా పరీక్షలు జరుపవలెను. వీటికి వ్యయము హెచ్చు. కళాశాలకు అంత ధనము లేదు. పరిశోధనపత్రము వెలువడినంతనే అధ్యాపకుని పని ముగియును. పరిశ్రమకు ధనమున్నను, ఫలించునో లేదో తెలియని పనిమీద పెట్టుటకు వెనుకాడును. ఇద్దరును అవతలివాడు పెట్టవలెనని చూచుచుండగా పద్ధతి సీసాలోనే మిగిలిపోవును. ప్రభుత్వపు గ్రాంటు పుట్టుటకు మూలకారణము ఈ మధ్యదూరమే.

నీలిమందు నేర్పిన పాఠము

పరిశ్రమయు విశ్వవిద్యాలయమును చేతులు కలిపినచో ఏమగునో ఆంధ్రదేశపు రైతు చాల కాలము క్రిందటనే చవిచూచెను. కడప మొదలగు జిల్లాలలో ఒకప్పుడు నీలిమొక్క విస్తారముగా పండెడిది. జర్మనీలో బేయరు అను విశ్వవిద్యాలయ ఆచార్యుడు నీలిమందు అణువు నిర్మాణమును తేల్చెను. ఆ విద్యను పట్టుకొని అక్కడి రంగుల కంపెనీలు ఏండ్ల తరబడి ధనమును, రసాయనశాస్త్రజ్ఞులను వెచ్చించెను. 1897లో కృత్రిమ నీలిమందు విపణిలోనికి వచ్చినది. కొలది సంవత్సరములలోనే మన నీలి వ్యాపారము కుప్పకూలినది. బీహారులోని నీలి తోటల యజమానులు ప్రభుత్వ సహాయముతో రసాయనశాస్త్రజ్ఞులను నియమించుకొని మొక్కనుండి వచ్చు రంగును మెరుగుపరుప జూచిరి. కాని అప్పటికే ఆలస్యమైనది.

ఇంగ్లండుకును ఈ పాఠము వేరొక విధముగా తగిలినది. 1914లో యుద్ధము రాగానే జర్మనీనుండి రంగులు, మందులు, కటకముల గాజు నిలిచిపోయినవి. 1916లో బ్రిటిషు ప్రభుత్వము శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన శాఖను స్థాపించినది. దాని పద్ధతి సులభమైనది. ఒకే పరిశ్రమకు చెందిన కంపెనీలు కూడి ఒక పరిశోధన సంఘముగా ఏర్పడి చందాలు వేసికొనవలెను. ఆ చందాలకు తోడుగా ప్రభుత్వము గ్రాంటు ఇచ్చును. ఇందుకై పార్లమెంటు పది లక్షల పౌనుల నిధిని కేటాయించినది. “నీవు కొంత పెట్టుము, నేను కొంత పెట్టెదను” అను ఈ సూత్రమే నేటివరకు పెక్కు దేశముల గ్రాంటులలో నిలిచియున్నది.

భట్నాగరు చూపిన దారి

భారతదేశములో ఈ భావమునకు రూపమిచ్చినవాడు శాంతిస్వరూప్ భట్నాగరు. ఆయన లాహోరులో ఆచార్యుడుగా నుండగా, రావల్పిండి ప్రాంతమున చమురుబావులు త్రవ్వుచున్న ఆటక్ ఆయిల్ కంపెనీకి ఒక చిక్కు వచ్చినది. త్రవ్వుటకు వాడు బురద భూగర్భములోని ఉప్పునీరు తగిలి గడ్డకట్టి త్రవ్వకము నిలిచిపోవుచుండెను. బురదలో ఒక విధమైన దేశీయపు బంక కలిపినచో అది గట్టిపడదని భట్నాగరు చూపెను. కంపెనీకి సంబంధించిన స్టీల్ బ్రదర్స్ వారు సంతోషించి 1,50,000 రూపాయలు ఇవ్వజూపిరి. ఆయన ఆ ధనమును స్వంతమునకు తీసికొనక విశ్వవిద్యాలయమునకు చేర్చి పెట్రోలియమ్ పరిశోధన విభాగమును నెలకొల్పెను.

రెండవ ప్రపంచ యుద్ధము మొదలైన తరువాత, 1940 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వము శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలిని ఏర్పరచి భట్నాగరును పిలిచెను. దీనికి పాటుపడినవాడు నాటి వాణిజ్యశాఖ సభ్యుడు ఆర్కాటు రామస్వామి ముదలియారు. అప్పటికి జాతీయ ప్రయోగశాలలు లేవు. కనుక పరిశోధన పథకములను విశ్వవిద్యాలయములకే పంచి ఇచ్చి, వాటి ఫలితములను పరిశ్రమలకు అందించు పద్ధతి నవలంబించిరి. 1941లో ముదలియారు కేంద్ర శాసనసభలో పారిశ్రామిక పరిశోధన నిధికై సంవత్సరమునకు పది లక్షల రూపాయల చొప్పున ఐదేండ్లకు ప్రతిపాదించి ఆమోదము పొందెను. 1942 సెప్టెంబరు 26వ తేదీన నేటి సి.ఎస్.ఐ.ఆర్. ఆవిర్భవించినది.

ఆంధ్రదేశములో

వాల్తేరులో ఈ బీజమునకు నేల ముందే సిద్ధమై యుండెను. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు జయపుర మహారాజు విక్రమదేవవర్మ సంవత్సరమునకు లక్ష రూపాయల శాశ్వత విరాళము నొసంగెను. ఆయన పేరిట విజ్ఞాన సాంకేతిక కళాశాల వెలసినది. 1933లో అచటికి వచ్చిన రసాయనశాస్త్రజ్ఞుడు టి.ఆర్. శేషాద్రి మొక్కలలోని రంగుపదార్థములపై ప్రసిద్ధమైన పరిశోధనలు సాగించుటతో నిలువక, రసాయన సాంకేతిక విభాగమును, ఔషధ రసాయన విభాగమును తీర్చిదిద్దెను. యుద్ధకాలములో వాల్తేరు భవనములను సైన్యము తీసికొనగా విభాగములు గుంటూరునకు తరలిపోయినవి. అయినను పని ఆగలేదు.

హైదరాబాదులో 1944లో నిజాము ప్రభుత్వము నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సి.ఎస్.ఐ.ఆర్. క్రిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాలయముగా మారినవి. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అను పేరు పొందినవి. 1960వ దశకములో సోవియట్ సహాయముతో ఐ.డి.పి.ఎల్. వారి కృత్రిమ ఔషధ కర్మాగారము హైదరాబాదులోనే వెలసినది. ఒకచోట పద్ధతిని కనుగొను పరిశోధనాలయము, మరియొకచోట దానిని పెద్ద పాత్రలో నడుపుట నేర్పు కర్మాగారము. ఈ రెండింటిలో శిక్షణ పొందినవారు తరువాత స్వంత కంపెనీలు పెట్టిరి. డాక్టర్ రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించిన అంజిరెడ్డి ఐ.డి.పి.ఎల్.లో పనిచేసినవాడే.

1970 నాటి పేటెంటు చట్టము ఈ పెరుగుదలకు దోహదము చేసినది. మందు అను వస్తువునకు గాక తయారుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చుట వలన, కొత్త పద్ధతిని కనుగొనగల రసాయనశాస్త్రజ్ఞునికి విలువ ఏర్పడినది. గుంటూరువాడైన ఎ.వి. రామారావు హైదరాబాదు సంస్థకు అధిపతిగా నున్న కాలములో ఎయిడ్సు వ్యాధికి వాడు జిడోవుడిన్ తయారీ పద్ధతిని రూపొందించి సిప్లా కంపెనీకి అందించిరి. తోళ్ళ పరిశ్రమలో ఇట్టి బంధమును నడిపినవాడు మరియొక గుంటూరు జిల్లావాడు, యలవర్తి నాయుడమ్మ. మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు ఆయన అధిపతిగా నున్నప్పుడు విశ్వవిద్యాలయపు బోధన, పరిశోధనాలయపు పని, తోళ్ళ శాలల అవసరము ఒకే త్రాటిపై నడిచినవి.

సుంకము నుండి టీకా వరకు

1986లో పార్లమెంటు ఒక చిత్రమైన చట్టము చేసినది. విదేశమునుండి సాంకేతిక పరిజ్ఞానమును కొనువారు చెల్లించు మొత్తముపై 5 శాతము సుంకము వసూలుచేసి స్వదేశీ పరిశోధనకు వినియోగింప వలెనని దాని ఉద్దేశము. పరాయి విద్య కొన్నవాడు స్వంత విద్యకు కొంత కప్పము కట్టవలెనన్నమాట. దాని ఆధారముతో 1996 సెప్టెంబరు 1వ తేదీన సాంకేతిక పరిజ్ఞానాభివృద్ధి మండలి ఏర్పడినది. ఇది పరిశ్రమలకు తక్కువ వడ్డీకి ఋణము నిచ్చును. కొన్నిచోట్ల వాటాలు తీసికొనును. అరుదుగా గ్రాంటు నిచ్చును.

ఈ మండలి తొలినాళ్ళలో చేయూతనిచ్చిన సంస్థలలో ముఖ్యమైనది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. దానిని 1993లో స్థాపించినవాడు నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాదరెడ్డి. ఆయన చదివినది ఎలక్ట్రానిక్ ఇంజనీరింగు. హెపటైటిస్-బి అను కాలేయ వ్యాధికి టీకామందు విదేశమునుండి వచ్చుచుండెను. ఒక్కొక్క మోతాదు వందల రూపాయలు పలుకుచుండెను. మూడు మోతాదులు వేయవలసిన టీకా కనుక సామాన్య కుటుంబమున కందుబాటులో లేకుండెను. విదేశీ సంస్థను పరిజ్ఞానమడిగిన వారు చెప్పిన ధర భరింపరానిదై యుండెను.

కావున ఇక్కడనే కనుగొన సంకల్పించి, తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయములో స్థలము తీసికొని పని మొదలిడిరి. పిమ్మట కణ అణుజీవశాస్త్ర కేంద్రము వారి ప్రయోగశాలలో కొనసాగించిరి. పద్ధతి యిది : వైరసు పైపొరలోని ఒక ప్రోటీనునకు మూలమైన జన్యువును పికియా అను ఈస్టు కణములో ప్రవేశపెట్టుదురు. ఆ ఈస్టును తొట్టెలలో పెంచగా, అది తన ప్రోటీనులతో పాటు వైరసు ప్రోటీనునుకూడ తయారుచేయును. దానిని శుద్ధిచేసి టీకాగా వాడుదురు. అందులో వైరసు ఉండదు కనుక వ్యాధి రాదు. శరీరము మాత్రము ఆ ప్రోటీనును గుర్తించి రక్షణ సమకూర్చుకొనును.

1997 ఆగస్టులో ఈ టీకా విపణికి వచ్చినది. జన్యు పునస్సంయోజన పద్ధతిన భారతదేశములోనే తయారైన మొదటి టీకా ఇదియే. మోతాదు ధర 50 రూపాయల ప్రాంతమునకు దిగినది. భారత్ బయోటెక్ మొదలైన ఇతర సంస్థలును రంగములోనికి వచ్చుటతో ధర ఇంకను తగ్గి, ప్రభుత్వ టీకా కార్యక్రమములకు అందుబాటులోనికి వచ్చినది. విశ్వవిద్యాలయపు గది, జాతీయ పరిశోధనాలయపు పరికరములు, పారిశ్రామికుని సాహసము, ప్రభుత్వపు ఋణము, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను ఈ కథ సగములో నిలిచిపోయెడిది. ఇందులో ఒక చేదు అంశము కూడ ఉన్నది. 2009లో ఈ సంస్థ సనోఫీ అను ఫ్రెంచి కంపెనీ చేతిలోనికి పోయినది. ప్రజాధనముతో పెంచిన చెట్టు ఫలములు ఎవరికి చెందవలెనను ప్రశ్నకు గ్రాంటు పత్రములలో నేటికిని తృప్తికరమైన సమాధానము లేదు.

రోటా వైరసు టీకా కథయు ఇట్టిదే. ఢిల్లీలోని అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థలో 1980వ దశకము నడుమ మహరాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు నవజాత శిశువులనుండి ఒక బలహీనమైన వైరసు జాతిని వేరుచేసిరి. కేంద్ర జీవసాంకేతిక శాఖ సహాయముతో, విదేశీ సంస్థల తోడ్పాటుతో, హైదరాబాదులోని భారత్ బయోటెక్ దానిని టీకాగా మార్చినది. 2015 మార్చిలో అది వెలువడినది. కుప్పె నుండి కర్మాగారమునకు చేరుటకు ఇంచుమించు ముప్పదియేండ్లు పట్టెను!

గ్రాంటుల రకములు

నేడు ప్రభుత్వపు తోడ్పాటు నాలుగు విధములుగా నున్నది. మొదటిది, విద్యాసంస్థకు గ్రాంటు, కంపెనీకి ఋణము. 2000 ప్రాంతమున సి.ఎస్.ఐ.ఆర్. ప్రారంభించిన నూతన సహస్రాబ్ది పథకము ఇట్టిది. కళాశాలకు తిరిగి చెల్లింపనక్కరలేని సొమ్ము, కంపెనీకి 3 శాతము వడ్డీకి అప్పు. ఔషధ పరిశోధనకై ప్రత్యేకముగా 1994-95లో విజ్ఞాన సాంకేతిక శాఖ ఒక కార్యక్రమము నారంభించి, 2004లో 150 కోట్ల రూపాయల నిధిని దానికి జోడించినది.

రెండవది, భాగస్వామ్యపు గ్రాంటు. 2015లో ప్రారంభమైన ఉచ్ఛతర్ ఆవిష్కార్ యోజనలో వ్యయపు 25 శాతము పరిశ్రమయు, 50 శాతము విద్యాశాఖయు, మిగిలిన 25 శాతము సంబంధిత శాఖయు భరింపవలెను. పరిశ్రమ కొంత పెట్టినచో ఆ సమస్య నిజమైనదని తేలును. ఊహలలో పుట్టిన సమస్యకు ఎవడును చేతి సొమ్ము పెట్టడు.

మూడవది, పన్ను రాయితీ. విశ్వవిద్యాలయమునకు పరిశోధనకై ఇచ్చిన ధనముపై ఇచ్చినదానికంటె హెచ్చు మొత్తమును ఆదాయమునుండి తగ్గించుకొను సదుపాయము 1993 తరువాత లభించినది. ఇది క్రమముగా 200 శాతము వరకు పెరిగి, 2017లో 150 శాతమునకును, 2020లో 100 శాతమునకును తగ్గినది. నాలుగవది, కొత్త కంపెనీలకు తొలిదశ సాయము. 2012లో ఏర్పడిన బైరాక్ సంస్థ జీవసాంకేతిక రంగములో ఈ పని చేయుచున్నది.

ఇటీవల మొత్తములు పెరిగినవి. 2023లో ఔషధములు, వైద్య పరికరముల పరిశోధనకు కేంద్రప్రభుత్వము 5,000 కోట్ల రూపాయల పథకము ప్రకటించినది. దానిక్రింద హైదరాబాదులోని జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థకు మూల ఔషధముల విషయమై ప్రత్యేక కేంద్రము లభించినది. అదే సంవత్సరము అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానపు చట్టము వచ్చినది. ఐదేండ్లకు 50,000 కోట్లని అంచనా వేయగా, అందు 14,000 కోట్లు మాత్రమే ప్రభుత్వమునుండియు, మిగిలినది పరిశ్రమలు, దాతలనుండియు రావలెనని భావించిరి. 2025 జూలైలో లక్షకోట్ల రూపాయల పరిశోధన, నవకల్పన నిధికి ఆమోదము లభించినది. అయినను 2020-21లో దేశము పరిశోధనకు వెచ్చించినది జాతీయోత్పత్తిలో 0.64 శాతము మాత్రమే. అందు ప్రయివేటు పరిశ్రమల వంతు మూడవ భాగమునకు కొంచెము మించినది.

చిక్కులు

ధనమొక్కటే చాలదని అనుభవము చెప్పుచున్నది. కాలము విషయములో ఇద్దరికి పొంతన లేదు. పరిశోధక విద్యార్థికి డాక్టరేటు పట్టము రావలెనన్న నాలుగేండ్లు. కంపెనీకి జవాబు ఆరు నెలలలో కావలెను. రహస్యము విషయములో అంతకంటె దూరము. అధ్యాపకుడు ప్రకటించిననే పేరు. వ్యాపారి దాచిననే లాభము. కావున పని మొదలిడుటకు ముందే పేటెంటు ఎవరిది, పరిశోధనపత్రము ఎప్పుడు వెలువరింపవచ్చును అను రెండు విషయములు వ్రాసికొనుట మేలు. అమెరికాలో 1980లో బే-డోల్ చట్టము ప్రభుత్వ ధనముతో జరిగిన పరిశోధనల పేటెంటులను విశ్వవిద్యాలయములకే వదలివేసి ఈ చిక్కును కొంత తీర్చినది.

అన్నింటికంటె పెద్ద చిక్కు చిన్న కర్మాగారమునకు కలదు. పెద్ద కంపెనీకి దరఖాస్తు వ్రాయుటకు, లెక్కలు సమర్పించుటకు వేరే ఉద్యోగులుందురు. చిన్నవానికి యజమానియే రసాయనశాస్త్రజ్ఞుడు, యజమానియే గుమాస్తా. అతని వాటా ధనము ముందుగా కట్టవలసివచ్చును. ప్రభుత్వపు రెండవ వాయిదా ఆలస్యమైనచో పని నడుమ ఆగును. అందుచేత గ్రాంటులలో హెచ్చు భాగము అవసరము తక్కువగా నున్నవారికే చేరు ప్రమాదమున్నది.

పరవాడకు కావలసినది

మరల పరవాడకు వత్తము. 2020 జూన్ నెలాఖరున ఇక్కడి ఒక కర్మాగారములో విషవాయువు లీకై ఇద్దరు మరణించిరి. రెండు వారములకు ఒక ద్రావణి కర్మాగారములో భారీ అగ్నిప్రమాదము సంభవించినది. వేడి ఎట్లు పెరుగును, ఏ పదార్థము దేనితో కలిసిన విషవాయువు పుట్టును, ఆ వాయువును క్షారజలములో ఎట్లు పీల్చివేయవచ్చును అనునవి కెమికల్ ఇంజనీరింగు విద్యార్థులు చదువు విషయములే. తరగతిలో నేర్చిన ఆ లెక్క కర్మాగారపు గోడలోపలికి చేరవలెను, అంతే కావలసినది.

కొత్త మందు కనుగొనుట ఒక్కటే పరిశోధన కాదు. కలిసిపోయిన ద్రావణులను వేరుచేసి మరల వాడుట, వ్యర్థజలములలోని ఉప్పును తగ్గించుట, వేడిని ముందుగా కొలిచి చెప్పుట, విద్యుత్కేంద్రపు బూడిదను ఇటుకలుగా, సిమెంటుగా మార్చుట, ఇవియు పరిశోధనలే. వీటి ఫలము ఒక కంపెనీకే గాక చుట్టుపట్ల గ్రామములకు, సముద్రములో వేటకు పోవు మత్స్యకారునికి చెందును. ఒక కంపెనీ తానొక్కతియే వీటికి వ్యయము చేయదు. లాభము పదిమందికి పోవును గదా! అటువంటి పనికే ప్రజల ధనము తగినది. నూరేండ్ల క్రిందట ఇంగ్లండులో జరిగినట్లు, ఒకచోటనున్న కర్మాగారములన్నియు కూడి చందా వేసికొని, దానికి తోడుగా ప్రభుత్వము గ్రాంటు నిచ్చి, సమీప విశ్వవిద్యాలయము పరిశోధకులను పంపినచో, చిన్న కర్మాగారముకూడ ఆ నీడలోనికి రాగలదు.

ఇట్టి బంధము ఈ జిల్లాకు కొత్తది కాదు. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రము 1913 నుండి పనిచేయుచున్నది. ప్రభుత్వపు వ్యయముతో అచట పరీక్షించిన చెరకు రకములు రైతు పొలమునకు చేరినవి. ఆ చెరకు బెల్లమై అనకాపల్లి బజారునకు పేరు తెచ్చినది. అచట పరిశోధకుడు పొలము గట్టుమీదికి నడచి వెళ్ళెను. రైతు తన కష్టము చెప్పుకొనెను. మందుల కర్మాగారపు ద్వారమువద్దకూడ అట్లే జరిగిననాడు ప్రభుత్వము ఇచ్చిన ప్రతి రూపాయియు తన దారి తాను వెదకికొనును.